హార్బర్ టగ్ చరిత్ర రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

పెర్ల్ హార్బర్ టగ్ (రేవులో పెద్ద ఓడలను లాగి, నెట్టే చిన్న పడవ) "హోగా" మీద నువ్వు పంపిన చిత్తుప్రతి చదివాను. జపాన్ ఆ రేవు మీద దాడి చేసిన 1941 డిసెంబర్ 7కి ఆరు పేజీలిచ్చి, తర్వాతి యాభై ఏళ్లను ఒక్క పేరాలో ముగించావు. అది ఒక రోజు కథే అవుతుంది, సర్వీసు చరిత్ర కాదు.

ముందు పేర్ల పట్టిక వేసుకో. రేవు టగ్గులకు అమెరికా నేవీ ఇచ్చే కోడ్‌తో వైటీ-146గా మొదలైంది, 1944లో వైటీబీ-146 అయింది, ఆ తర్వాత వైటీఎం. 1948లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌కు ఇచ్చాక "పోర్ట్ ఆఫ్ ఓక్లాండ్", ఆపైన "సిటీ ఆఫ్ ఓక్లాండ్". ఒక్క పేరుతోనే వెతికితే సగం రికార్డులు దొరకవు. నడిపింది నగరమైనా పడవ మాత్రం నేవీదే. ఇంకొకటి: హార్బర్ టగ్గులను అమెరికా నేవీ కమిషన్ (లాంఛనంగా నౌకాదళ ఓడగా ప్రకటించడం) చెయ్యదు, సర్వీసులోకి తీసుకున్నట్టు నమోదు చేస్తుందంతే. "1941 మేలో కమిషన్ అయింది" అన్న వాక్యం దిద్దు, పేరు ముందు యూఎస్‌ఎస్ తీసెయ్యి, అది కమిషన్ అయిన ఓడలకే.

ఇంజిన్ గురించి నువ్వేమీ రాయలేదు. పొడవు 100 అడుగులు, డీజిల్-ఎలక్ట్రిక్: డీజిళ్లు జనరేటర్లను తిప్పితే, ఆ కరెంటుతో మోటారు ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది. నేరుగా షాఫ్టుకు (ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసుకు) బిగించిన ఆనాటి డీజిల్‌నైతే వెనక్కి వెళ్లాలన్నప్పుడల్లా ఆపి, కంప్రెస్డ్ గాలితో ఎదురు దిశలో స్టార్ట్ చెయ్యాలి. మాటిమాటికీ మారిస్తే గాలి ట్యాంకు ఖాళీ అయిపోతుంది. పెద్ద ఓడ పక్కన క్షణక్షణం ముందుకూ వెనక్కూ ఆడే టగ్‌కు అది ప్రాణాంతకం.

ఇది చెప్పాకే డిసెంబర్ 7 పాఠకుడికి అర్థమవుతుంది. మండుతున్న యుద్ధనౌక అరిజోనా పక్క నుంచి మరమ్మతు ఓడ వెస్టల్‌ను లాగడం, ఒరిగిపోతున్న ఓగ్లాలా ఓడను క్రూయిజర్ హెలెనా నుంచి తప్పించడం, ఆ తర్వాత యుద్ధనౌక నెవాడా. నెవాడా దారిలో మునిగితే రేవు నోరే మూసుకుపోయేది. అందుకే హాస్పిటల్ పాయింట్ దగ్గర నేలకు ఆనిన ఆ ఓడను, మంటలార్పుతూనే అవతలి గట్టు వైపియోకు చేర్చారు. ఎవరు ఎటు నెట్టారో పటం గీసి చూపించు, విశేషణాలు అక్కర్లేదు.

ఓక్లాండ్ కాలాన్ని పెంచు. నీళ్లు చిమ్మే మానిటర్లు అమర్చుకుని ఫైర్‌బోటుగా దశాబ్దాలు పనిచేసింది, పడవ ఆయుష్షులో ఎక్కువ భాగం అదే. అక్కడి అగ్నిమాపక శాఖ రికార్డుల నుంచి తేదీ, బెర్తు (ఓడ కట్టే చోటు), పంపు నడిచిన గంటలు ఎత్తి రాసుకో. 1989లో జాతీయ చారిత్రక చిహ్నమవడం, 2015లో ఆర్కన్సాలోని నార్త్ లిటిల్ రాక్ మ్యూజియానికి చేరడం రెండు వాక్యాల్లో చాలు.

పట్టిక, పటం ముందు పంపు. వచనం తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య