కాఫీలో ఉప్పు, ఇస్త్రీ మూటలో తగ్గిన చొక్కా

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

డిటెక్టివ్ కథల్లో ‘కోజీ’ అని ఒక రకం ఉంది. ఊరు చిన్నది, నెత్తురు తెర వెనకే ఉంటుంది, హంతకుణ్ణి పట్టేది పోలీసు కాదు. ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ వాటి మీదే.

పేపర్లో క్రైం వార్త కనబడితే మా అమ్మ పేజీ తిప్పేస్తుంది. రాత్రి మాత్రం హత్య నవల చదవందే నిద్రపోదు. ఇదేం విడ్డూరం?
– పాఠకురాలు, తెనాలి

విడ్డూరమేం లేదండీ. పేపర్లో వార్త సగంలో ఆగిపోతుంది. ఈ నవల తేలుతుందని మీ అమ్మగారికి అట్ట చూసినప్పుడే తెలుసు. రెండో కిటుకు హతుడి ఎంపికలో ఉంది. పోయినవాడు సాధారణంగా ఊరందరికీ గిట్టనివాడే అయుంటాడు. వీలునామా నెలకోసారి మార్చే పెద్దాయనో, అందరి గుట్లూ గుప్పిట్లో పెట్టుకున్న పెద్దమనిషో. అలాంటివాడైతే పాఠకుడు ఏడవక్కర్లేదు, రచయిత అనుమానితుల కోసం వెతుక్కోనక్కర్లేదు. అగాథా క్రిస్టీ 1930 నవల ‘ది మర్డర్ ఎట్ ద వికరేజ్’లో కల్నల్ ప్రోథెరోను ఎవరైనా చంపితే లోకానికి మేలు చేసినట్టేనని ఆ ఊరి చర్చి గురువే నోరు జారతాడు. తర్వాత శవం దొరికేది ఆ గురువు గదిలోనే! అదే చనిపోయింది పసిబిడ్డ అనుకోండి, పుస్తకం కోజీగా నిలవదు. దుఃఖం ముందు చిక్కుముడి మీద ఎవరికి ధ్యాస ఉంటుంది?

అల్లికలు అల్లుకునే ముసలావిడ, గొడుగు పట్టుకు తిరిగే ఫాదర్... పోలీసులకు అందనిది వీళ్ళకెలా అందుతుంది? రచయిత చేతివాటం కాదూ?
– పాఠకుడు, హనుమకొండ

చేతివాటమో కాదో తేల్చడానికి చిన్న పరీక్ష ఉంది. ఆ మనిషి వృత్తినో వయసునో తీసేసి కథ మళ్ళీ ఊహించండి. అయినా కేసు తేలిపోతోందంటే ఆ వింత ఒట్టి అలంకారం.

ఇంగ్లీషు రచయిత చెస్టర్టన్ 1910లో రాసిన ‘ది బ్లూ క్రాస్’ కథ ఈ పరీక్షకు నిలబడుతుంది. మీరన్న గొడుగు ఫాదర్ ఇందులోని ఫాదర్ బ్రౌనే. ఆయన దగ్గర నీలాలు పొదిగిన వెండి శిలువ ఉంటుంది. దాన్ని కొట్టేయడానికి ఫ్లాంబో అనే గజదొంగ ఫాదర్ వేషంలోనే పక్కన చేరతాడు. బ్రౌన్ ఏం చేశాడో చూడండి. హోటల్లో చక్కెర గిన్నెలో ఉప్పు, ఉప్పు బుడ్డిలో చక్కెర పోశాడు. కాఫీ ఉప్పగా తగిలితే ఎవడైనా సర్వర్ని కేకేస్తాడు. ఇతగాడు కిక్కురుమనలేదు. తర్వాత బ్రౌన్ బిల్లు దిద్ది మూడు రెట్లు చేశాడు. ఫ్లాంబో మారుమాట లేకుండా కట్టాడు. నలుగురి కంట పడకూడదనుకునేవాడు తప్ప ఇంకెవరూ ఇలా ఉండరు. ఆఖరి రుజువు మరీ సొగసైనది. మాటల మధ్యలో ఫ్లాంబో మనిషి తర్కాన్ని తీసిపారేస్తూ మాట్లాడతాడు. నిజమైన ఫాదర్ అలా అనడని బ్రౌన్‌కు తెలుసు. ఆ కథలో పారిస్ పోలీసు పెద్ద వాలెంటిన్ కూడా ఉన్నాడు. ఎంత తెలివైనవాడైనా ఆ రుజువు అతనికి దొరకదు.

మీరన్న అల్లికల ముసలావిడ, 1927లో క్రిస్టీ కథల్లోకి వచ్చిన మిస్ మార్పుల్‌దీ ఇదే బలం. తోటపని చేస్తున్నా, పిట్టల్ని చూసే బైనాక్యులర్స్ పట్టుకున్నా ఊళ్ళో ఎవరూ పట్టించుకోరు. కొత్తవాడి నడత చూస్తే ఆవిడకు తన ఊళ్ళో ఒకప్పుడు ఇలాగే చేసినవాడు గుర్తొస్తాడు, అక్కణ్ణుంచి లాగుతుంది. మన వీధి అరుగు మీద కూచునే మామ్మల పద్ధతీ అదే కదా.

గొర్రెలు హత్యకేసు తేల్చే నవల ఉందట. మరీ అతి కాదా?
– పాఠకురాలు, డాలస్

ఉందండీ. లియోని స్వాన్ జర్మన్‌లో రాసిన ‘గ్లెన్‌కిల్’, 2005లో వచ్చింది. ఐర్లండ్ పల్లెలో జార్జ్ అనే కాపరి ఒంట్లో పార దిగి చచ్చిపడి ఉంటాడు. ఆయన బతికుండగా మందకు పుస్తకాలు చదివి వినిపించేవాడు. అందరిలోకీ తెలివైన గొర్రె పేరు మిస్ మేపుల్ (ఈ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పక్కర్లేదనుకుంటాం). అతి అనిపించకపోవడానికి కారణం, రచయిత్రి గొర్రెల్ని మనుషుల్లా చేయలేదు. మన మాటలు వాటికి వినబడతాయి, మన ఆశలూ లెక్కలూ బోధపడవు. వాసన మాత్రం మనకన్నా ముందే పసిగడతాయి. పిల్లి కాలు తగిలి ఫొటో కిందపడి, దాని వెనక ఉత్తరం బయటపడే నవలలున్నాయే, అవీ అతి.

చివరి పది పేజీల్లో హంతకుడికి కవల తమ్ముణ్ణి దింపారు. మోసపోయానా?
– పాఠకుడు, రాజమండ్రి

మోసపోయారు. ఇంగ్లీషు డిటెక్టివ్ రచయిత రోనాల్డ్ నాక్స్ ఇలాంటి కథలకు 1929లోనే పది నియమాలు రాసిపెట్టాడు. హంతకుడు కథ మొదట్లోనే కనబడాలి, రహస్య మార్గం ఒకటి మించకూడదు, ముందే సిద్ధం చేయకుండా కవలల్ని తేకూడదు. డిటెక్టివ్‌కు అదృష్టం కలిసొచ్చి కేసు తేలకూడదని కూడా ఉంది. పై జవాబులో పిల్లిని తిట్టింది అందుకే.

తెలుగులో ఈ రకం ఉందా?
– పాఠకురాలు, గుంటూరు

తెలుగులో పేరు మోసినవాళ్ళు వృత్తి డిటెక్టివ్‌లు. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, అసిస్టెంటు రాజుతో కలిసి కేసులు పట్టే ప్రైవేట్ డిటెక్టివ్. అది వేరే రుచి.

మా సందులో ఇస్త్రీ బండి ఆయన్ని డిటెక్టివ్‌గా పెట్టి రాద్దామనుకుంటున్నాను. ఎక్కడ మొదలెట్టాలి?
– పాఠకుడు, కూకట్‌పల్లి

మంచి మనిషిని పట్టారు. ప్రతి ఫ్లాటు గుమ్మం దాకా వెళ్తాడు, ఎవరి కంటికీ ఆనడు.

మొదలు హంతకుడితో. ఆ రోజు వాడు అరగంటకోసారి ఎక్కడున్నాడో కాగితం మీద రాయండి. పక్కన అనుమానితుల గళ్ళు గీయండి. ఐదుగురు చాలు. ముగ్గురైతే పాఠకుడు ఊహించేస్తాడు, ఎనిమిదైతే పేర్లు కలగాపులగం. నిర్దోషులు నలుగురూ తలా ఒక అబద్ధం ఆడాలి, దాని కారణం మాత్రం హత్య కాకూడదు. ఒకరు చీటీ డబ్బు వాడేసుకున్నారు, ఇంకొకరు ఇంట్లో చెప్పకుండా ఫ్లాటు బేరం పెట్టారు, అలాగన్నమాట. సీసీ కెమెరాను మరిచిపోయారో, రెండో అధ్యాయానికే పాఠకుడు అడుగుతాడు. దాన్నే వాడుకోండి. బయటివాళ్ళెవరూ లోపలికి రాలేదని గేటు కెమెరా తేల్చేస్తే హంతకుడు లోపలివాడే.

ఇక క్లూ. సోమవారం ఆరు చొక్కాలు పడే ఫ్లాటు నుంచి ఈసారి ఐదే వచ్చాయి. ఆరోది బుధవారం విడిగా వచ్చింది. మెషీన్‌లో ఉతికే ఇంట్లో ఆ ఒక్కటీ బట్టల సబ్బు వాసన వేస్తోంది, కఫ్ కుట్టులో లేత మరక. సరిగా వదలని నెత్తురు వేడి తగిలితే ముదిరి పట్టేస్తుందని ఇస్త్రీ చేసేవాడికి తెలుసు. ఈ ముక్క ఎస్సైకి తట్టకపోవడమే మీ కథ. ఆ చొక్కాను ఒంటరిగా చూపిస్తే దొరికిపోతారు. మూట విప్పే సీన్‌లో చీర, చొక్కా, స్కూల్ యూనిఫాం అని మధ్యలో పెట్టి, వెంటనే ఇస్త్రీ రేటు మీద గొడవ లేపండి. కళ్ళన్నీ గొడవ మీదికి పోతాయి. ఇదంతా పుస్తకం సగం దాటకముందే రావాలి.

శవం దగ్గరికి మీవాణ్ణి చట్టమే తీసుకెళ్తుంది. కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 194 ప్రకారం శవపంచనామా చుట్టుపక్కల ఉండే ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది గౌరవస్థుల ఎదుట జరగాలి. అందులో ఒకడిగా నిలబెట్టండి, చూడనివ్వండి, దేన్నీ ముట్టుకోనివ్వకండి.

కొత్తగా రాసేవాళ్ళు ఎక్కువగా తప్పేది ముగింపులో. అందర్నీ టెర్రస్ మీదికి పిలిచి ఎస్సై ముందు హంతకుడి చేత ఒప్పించేస్తారు. పోలీసు అధికారి దగ్గర ఒప్పుకున్నది కోర్టులో ఆ ముద్దాయి మీద రుజువుగా నిలవదు, కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 23 చెప్పేది అదే. కాబట్టి ఆ చొక్కా అప్పటికే పోలీసుల చేతికి చేరి ఉండాలి, అదీ ఇస్త్రీ చేయకుండా.