నాలుగేళ్లకి నాలుగు పేజీలా?

ప్రశ్న: మేడమ్, మాది అనంతపురం. మా బాబుకి మొన్న సంక్రాంతికి నాలుగేళ్లు నిండాయి. ఎల్‌కేజీ చదువుతున్నాడు. రోజూ నాలుగు పేజీల హోంవర్క్ ఇస్తారు. క్యాపిటల్ లెటర్స్, స్మాల్ లెటర్స్, ఒకటి నుంచి యాభై, తెలుగు అచ్చులు. రెండో పేజీకే చెయ్యి నొప్పంటాడు, పెన్సిల్ విసిరికొడతాడు. నెలనెలా పరీక్ష. డైరీలో ఎర్ర ఇంకుతో ‘వెరీ స్లో’ అని రాసి పంపుతున్నారు. పక్క పోర్షన్ పాపదీ అదే క్లాసు, ముత్యాల్లా రాస్తుంది. మా అత్తగారు ‘రెండు తగిలిస్తే వాడే రాస్తాడు’ అంటారు. మా ఆయన ట్యూషన్ పెడదామంటారు. ఆదివారం సాయంత్రమయ్యేసరికి బాబు కడుపునొప్పి అంటున్నాడు. స్కూల్లో అడిగితే, ఇప్పుడు బేస్ పడకపోతే ఫస్ట్ క్లాసులో తట్టుకోలేడని చెప్పారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, అనంతపురం

జవాబు: అమ్మా, ట్యూషన్ వద్దు. దెబ్బలు అసలే వద్దు. ఈ రెండూ ఇవాళే ఇంట్లో తేల్చేయండి, మిగతావి నిదానంగా మాట్లాడుకుందాం.

మీ ఉత్తరంలో నా కళ్లు ముందు బాబు వయసు దగ్గర ఆగాయి. సంక్రాంతికి నాలుగు నిండాయంటే, కిందటి జూన్‌లో ఎల్‌కేజీలో చేరేనాటికి వాడికి మూడున్నర కూడా లేవు. ఈ లెక్కన ఒకటో తరగతికి వెళ్లేసరికి అయిదున్నర లోపే ఉంటాడు. 2020 జాతీయ విద్యా విధానం ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలంటుంది. కేంద్రీయ విద్యాలయాల్లో 2022 నుంచి అదే నియమం నడుస్తోంది. కాబట్టి మీవాడు వెనకబడలేదు, తొందరగా చేరాడు. పక్క పోర్షన్ పాప పుట్టినరోజు ఎప్పుడో ఒకసారి కనుక్కోండి. ఏ ఎనిమిది నెలలో పెద్దదై ఉంటుంది. మనకి ఎనిమిది నెలలంటే లెక్కలోకి రావు గానీ, నాలుగేళ్లవాడికి అది ఇప్పటిదాకా బతికిన కాలంలో ఆరో వంతు.

ఇక చెయ్యి నొప్పి. అది సాకు కాదు. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు వాటిలో ఒక్కటీ గట్టి ఎముక కాదు, అంతా మెత్తటి మృదులాస్థే. ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా గట్టిపడతాయి, ఆఖరిది మొదలయ్యేసరికే ఎనిమిదేళ్లు దాటొచ్చు. పెన్సిల్ పట్టే వేళ్లకీ ఇంకా బలం చాలదు. పిల్లల డాక్టర్లు ఎదుగుదల చూసేటప్పుడు బొమ్మలు గీయిస్తారు. మామూలుగా మూడేళ్లకి సున్న చుడతారు, నాలుగేళ్లకి ప్లస్ గుర్తు వేస్తారు, అయిదుకి దగ్గరపడుతుంటే చతురస్రం వస్తుంది, త్రిభుజం అయిదేళ్లకి గానీ కుదరదు. వాలుగీతే కష్టమన్నమాట. ఇంగ్లిషు ఏ, కె, ఎం, డబ్ల్యూ చూడండి, వాలుగీతలు లేనిది ఒక్కటైనా ఉందా? త్రిభుజం గీయడమే రాని చేత్తో వరసలకి వరసలు డబ్ల్యూ రాయిస్తే విసిరికొట్టక ఏం చేస్తాడు?

తెలుగు అచ్చులైనా అంతే. ఆ వరస నోటికి పట్టించడానికి బాగుంటుంది గానీ చేతికి అనుకూలం కాదు. ‘అ’ రాయడం కష్టం, ‘ఇ’ ఇంకా కష్టం. ఆదోని వైపు పల్లెల్లో ఒకటో తరగతికి చెప్పినన్నాళ్లూ నేను సున్నతో మొదలుపెట్టి ర, ట, గ, ద అయ్యాకే ‘అ’ దగ్గరికి వెళ్లేదాన్ని. (ఎల్‌కేజీ పిల్లలకి ‘ౠ’ ఎందుకు రాయిస్తారో, అది వచ్చే మాట ఒక్కటి చెప్పండని తోటి టీచర్లని అడిగేదాన్ని. నవ్వేసి ఊరుకునేవాళ్లు.)

‘ఇప్పుడు బేస్ పడకపోతే’ అనే బెదిరింపు నేను నమ్మను. మా కోసిగి వైపు నుంచి ఏటా కుటుంబాలకి కుటుంబాలే మిరపకాయల కోతకి గుంటూరు వైపు వలస పోతాయి, పిల్లల్ని వెంటబెట్టుకుని. ఏడేళ్లొచ్చినా పలక పట్టని పిల్లలు మా బడికి వచ్చేవాళ్లు. జూన్‌లో చేరినవాళ్లు దసరాకల్లా గుణింతాలు చదివేవాళ్లు. చేతిలో బలం, నోట్లో మాట, ఏడేళ్ల తెలివి అప్పటికే ఉన్నాయి కదా. ఆలస్యంగా మొదలుపెట్టడం వల్ల వాళ్లకి నష్టం జరగలేదు. నష్టమంతా మధ్యలో బడి మాన్పించి తీసుకుపోవడం వల్లనే.

స్కూలువాళ్లు సిలబస్సే అంత అంటారు. ఎవరి సిలబస్? రచయిత ఆర్.కె. నారాయణ్ రాజ్యసభలో పిల్లల పుస్తకాల సంచుల బరువు గురించి మాట్లాడారు. ఆ తర్వాత కొన్నేళ్లకి కేంద్రం ప్రొఫెసర్ యశ్‌పాల్ అధ్యక్షతన కమిటీ వేసింది. 1993లో వచ్చిన ఆ నివేదిక, పసిపిల్లల మీద చదవడం, రాయడం, లెక్కలు అతిగా రుద్దడాన్ని హింస అనే అంది. నర్సరీలో చేర్చుకోవడానికి పరీక్షలు, ఇంటర్వ్యూలు ఎత్తేయమంది. 2020 నాటి స్కూల్ బ్యాగ్ విధానం ఒకటో తరగతి లోపు పిల్లలకి సంచే అక్కర్లేదంది, రెండో తరగతి దాకా హోంవర్క్ వద్దంది. 2022 అక్టోబరులో చిన్నపిల్లల చదువు కోసమే విడిగా తెచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక, మూడు నుంచి ఆరేళ్లవాళ్లకి పాఠ్యపుస్తకాలు పెట్టొద్దని, పరీక్షలు ఈ వయసుకి తగవని రాసింది. కాగితం మీద ఇన్ని ఉన్నాయి. వీధిలో బోర్డు మాత్రం ‘ఎల్‌కేజీ నుంచే ఐఐటీ ఫౌండేషన్’.

తప్పంతా స్కూలుదే అని కూడా అనను. ‘ఇంత ఫీజు కట్టాం, నోట్‌బుక్ ఖాళీగా ఉందేంటి’ అని గొడవకి పోయే అమ్మానాన్నలూ ఉన్నారు. ఆ ఎల్‌కేజీ టీచరమ్మ మొన్నమొన్న డిగ్రీ అయిన అమ్మాయి అయి ఉంటుంది. బోలెడు నోట్‌బుక్కులు దిద్దాలి, జీతం ఎంతో మీరూ ఊహించగలరు. ఆమెతో పోట్లాడకండి, ప్రిన్సిపల్‌ని కలవండి. మీ ఆయన్ని కూడా తీసుకెళ్లండి. అమ్మ ఒక్కతే వెళితే ‘గారాబం ఎక్కువైంది’ అని పంపేస్తారు. రోజుకి అర పేజీ, పది నిమిషాలు, అంతకు మించి మా ఇంట్లో రాయించం అని చెప్పండి. డైరీలోనూ అదే రాసి సంతకం పెట్టండి. మీరు ఎడమచేత్తో వంకరటింకరగా రాసి నాలుగు పేజీలూ నింపి పంపొద్దు, టీచర్లకి చూడగానే తెలిసిపోతుంది!

అన్నిటికన్నా ముఖ్యంగా, వచ్చే జూన్‌లో బాబుని మళ్లీ ఎల్‌కేజీలోనే ఉంచమని అడగండి. ఏడాది వేస్ట్ అంటారు మీ అత్తగారు. ఎల్‌కేజీ ఎన్నేళ్లు చదివావని రేపు ఏ ఉద్యోగంలోనూ అడగరు. స్కూలు ఒప్పుకోకపోతే స్కూలు మార్చండి. మీ పేటలో అంగన్‌వాడీకి కూడా ఒకసారి వెళ్లి చూసి రండి. అన్నీ బాగుంటాయని చెప్పను, కానీ మంచి టీచరు ఉన్నచోట ఆటా పాటా కథా అన్నీ ఉంటాయి, పైగా వేడి అన్నం, గుడ్డు.

ఇంట్లో కడప బండలు పరిచి ఉంటే అంతకన్నా పెద్ద పలక లేదు. సుద్దముక్క ఇచ్చి నేలంతా గీయనివ్వండి. గిన్నెలో బుడ్డలు (వేరుశనగ కాయలు) పోసి పక్కన కూర్చోబెట్టుకుని ఒలిపించండి, చపాతీ పిండి ముద్ద ఇచ్చి పిసకనివ్వండి. వేళ్లకి బలం ఇలా వస్తుంది. లెక్కలూ ఇక్కడే. యాభై దాకా గడగడా రాసే పిల్లల్లో చాలామంది, ఏడు బుడ్డలు ఇవ్వమంటే గుప్పెడు తీసి ఇస్తారు. అంకె వేయడం వచ్చినా ఏడంటే ఎన్నో ఇంకా తెలియదు. మీ అత్తగారికి వామనగుంతలు వచ్చే ఉంటుంది. చింతగింజలు ఇచ్చి మనవడితో ఆడమనండి, ఆవిడకీ పని దొరుకుతుంది, దెబ్బల మాటా మర్చిపోతారు. వాడంతట వాడు ‘ఇదేం అక్షరం’ అని అడిగిన రోజు మాత్రం దాచకండి, చెప్పండి. అక్షరాలతో నాకేం పేచీ లేదు.

కడుపునొప్పికి ఒకసారి పిల్లల డాక్టరుకి చూపించండి. నులిపురుగులో, మలబద్ధకమో ఉందేమో చూస్తారు. ఏమీ లేదంటే, సెలవుల్లో కూడా వస్తోందా అని గమనించండి. సెలవుల్లో మాయమైతే ఆ నొప్పి బడి గురించే, అదే ప్రిన్సిపల్‌కి చెప్పండి.

ప్రశ్న: మా మనవరాలు కాలిఫోర్నియాలో కిండర్‌గార్టెన్ చదువుతోంది, అయిదున్నరేళ్లు. నూరు దాకా లెక్కపెట్టడం రాలేదని, చదవడంలో వెనకబడిందని టీచరు చెప్పిందట. అమ్మాయి ఫోన్‌లో ఒకటే ఏడుపు. అమెరికాలో చిన్నపిల్లలకి ఆటలేనని విన్నామే?
– ఒక తాతయ్య, ప్రొద్దుటూరు

జవాబు: అవి పాత రోజులండీ. 2010లో అక్కడ కామన్ కోర్ అనే చదువు ప్రమాణాలు వచ్చాయి, కాలిఫోర్నియా ఆ ఏడాదే వాటిని తీసుకుంది. కిండర్‌గార్టెన్ అయ్యేసరికి నూరు దాకా ఒకట్లలోనూ పదుల్లోనూ లెక్కపెట్టాలి, చిన్న చిన్న పుస్తకాలు అర్థం చేసుకుంటూ చదవాలి. కిండర్‌గార్టెన్‌లోనే చదవడం వచ్చెయ్యాలి అనే టీచర్లు 1998లో నూటికి 31 మంది ఉంటే 2010 నాటికి 80 మంది అయ్యారని వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్క తేల్చారు. అదే ఫిన్లాండ్‌లో ఒకటో తరగతే ఏడేళ్లకి. న్యూజిలాండ్‌లో అయిదేళ్లకి చదవడం మొదలుపెట్టినవాళ్లనీ ఏడేళ్లకి మొదలుపెట్టినవాళ్లనీ పోల్చి చూస్తే, పదకొండేళ్లు వచ్చేసరికి చదవడంలో తేడా మిగల్లేదు.

నూరనేది ఏడాది చివరికి రావలసింది. ఇప్పుడు ఎంతదాకా వచ్చింది, అక్షరాల శబ్దాలు గుర్తుపడుతోందా, ఇంగ్లిషు మాటలు అర్థమవుతున్నాయా అని టీచరుని విడివిడిగా అడిగి రాసుకోమని మీ అమ్మాయికి చెప్పండి. చూపు, వినికిడి ఒకసారి పరీక్ష చేయించమనండి. ఇంట్లో తెలుగు మానేయమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. మీరు వీడియో కాల్‌లో రోజుకో కథ చెప్పండి, మధ్యలో ఆపి ‘తర్వాత ఏమైందంటావ్’ అని అడుగుతూ ఉండండి. నూరు దాకా చెప్పమని మాత్రం మీరు కూడా అడగకండి.