పథ్యమని పేరు పెట్టకు

మర్రిపాలెం,
విశాఖపట్నం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నిన్న రాత్రి నువ్వు ఫోనులో చెప్పిందంతా మీ పెద్దమ్మకు చెప్పాను. అల్లుడుగారికి రక్తపరీక్షలో చక్కెర హద్దు దగ్గరికి వచ్చిందని, తిండి మార్చుకోమని డాక్టరు అన్నారని, నువ్వు వెంటనే ఓట్సు, కొర్రలు, ఏవేవో గింజలు కొని డబ్బాలు నింపావని, పది రోజులు తిరక్కుండానే ఆయన కంచం ముందు ముఖం ముడుచుకుంటున్నారని, పాప అయితే ముట్టుకోవడమే లేదని, రాత్రిళ్లు మళ్లీ బయటినుంచి తెప్పించుకుంటున్నారని అన్నావు. చివర్లో "మాకు పట్టుదల లేదు పెదనాన్నా" అన్నావు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. లోపం మీ పట్టుదలలో లేదమ్మా, వంటలో ఉంది. చప్పటి తిండిని ఎవరైనా ఎన్నాళ్లని తింటారు?

నాకు షుగరు బయటపడ్డప్పుడు యాభై నాలుగేళ్లు. ఆ ఏడాదే మీ పెద్దమ్మ మెట్ల మీద జారి, తుంటి ఎముక విరిగి మంచం పట్టింది. అంతవరకు టీ తప్ప మరేదీ కాచి ఎరగని నేను వంటింట్లోకి వెళ్లాను. ఇద్దరు రోగులకు వండుతున్నానన్న భయంతో నూనె మానేశాను, పులుపు మానేశాను, కారం మానేశాను. ఉడికిన బీరకాయ, ఉడికిన పప్పు, ఉడికిన గోధుమరవ్వ. మూడు వారాలకు ఆమె అన్నం వద్దని గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. నేను సాయంత్రం ఎవరికీ చెప్పకుండా కంచరపాలెం వెళ్లి బజ్జీలు తిని వచ్చేవాణ్ణి. మీరు రాత్రిళ్లు చేస్తున్నదీ అదే.

ఒకరోజు ఆమె మంచం మీదనుంచే అంది: "ఒక్క చెంచా నూనె కాచి, ఆవాలు వేసి, అవి చిటపటమనేదాకా కదలకుండా నిలబడండి." నిలబడ్డాను. గది లోపలినుంచి చప్పుడు వింటూనే తర్వాతివి చెప్పింది. ఆవాలు సద్దుమణగగానే మినప్పప్పు, అది ఎర్రబడ్డాక జీలకర్ర, ఎండుమిర్చి, మంట తగ్గించి చిటికెడు ఇంగువ, చివరికి కరివేపాకు. నిన్నటి బీరకాయే, కొత్తదేమీ కాదు. ఆ పోపు దాని మీద పడ్డాక ఆ మధ్యాహ్నం ఆమె రెండోసారి వడ్డించమంది. నేను స్టవ్వు దగ్గరే నిలబడి కాసేపు కళ్లు తుడుచుకున్నాను.

అందుకని ముందుగా ఒక్కటే అడుగుతున్నాను. ఆ తిండికి పథ్యమని, డైట్ అని పేరు పెట్టకు. కంచం ముందు షుగరు మాట ఎత్తకు. ఇది వంట, రుచిగా ఉంది కాబట్టి తింటున్నాం అన్నట్టుగా ఉండాలి.

నూనె సంగతి చెబుతాను. మనం ముందే నాలుగు గరిటెల నూనె పోసి అందులో కూర వేయిస్తాం. ఆ నూనెనంతా ముక్కలు పీల్చుకుంటాయి, వాసన మాత్రం మిగలదు. దానికి బదులు ముక్కల్ని కాస్త ఉప్పు, పసుపు వేసి, మూతపెట్టి, వాటి నీటిలోనే మగ్గనివ్వు. అవసరమైతే నాలుగు చుక్కల నీళ్లు చిలకరించు. పోపు విడిగా ఒక చెంచా నూనెతో చేసి ఆఖరున కలుపు. నూనె పైనే ఉంటుంది కాబట్టి వాసన ముందు ముక్కుకు తగులుతుంది, తక్కువ వేశామన్న సంగతే నాలుకకు తెలియదు. దొండకాయ, బెండకాయ, చిక్కుడు, క్యాబేజీ, ఏదైనా సరే ఇలా కుదురుతుంది. వంకాయ మాత్రం కొంచెం ఎక్కువ నూనె అడుగుతుంది, దానితో గొడవపడకు. వారానికి ఒకసారి అడిగినంత ఇవ్వు.

తర్వాతది పులుపు. ఉప్పు తగ్గించమంటే మనవాళ్లకు వెంటనే కూర చచ్చుబడిపోతుంది. అక్కడ పులుపు ఆదుకుంటుంది. చింతపండు, నిమ్మ, చుక్కకూర, వేసవిలో మామిడికాయ, చలికాలంలో ఉసిరి. దింపేశాక పిండిన అరచెక్క నిమ్మరసం ఉప్పు తక్కువైన లోటును కప్పేస్తుంది. పైగా ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుము ఒంటికి బాగా పట్టాలంటే నిమ్మ, ఉసిరి లాంటి పులుపులోని విటమిన్ సి తోడు కావాలి. భోజనం కాగానే టీ తాగితే అదే ఇనుము సరిగా ఒంటబట్టదు. అల్లుడుగారికి ఆ అలవాటుందని నాకు తెలుసు, టీ ఒక గంట వెనక్కి జరపమని నా మాటగా చెప్పు. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు దాటవద్దంటారు. అంటే దాదాపు ఒక టీ చెంచా. ఆవకాయ, అప్పడం, బయటి చిప్స్ అన్నీ ఆ చెంచాలోనే లెక్క. ఆవకాయ మానమని నేను అనను. మొదటి ముద్దకు కొంచెం వేసుకుని సీసా మూతపెట్టి లోపల పెట్టేయండి. సీసా బల్ల మీద ఉంటే చెయ్యి అటే పోతుంది.

ఆవ పెట్టడం నీకు మీ అమ్మ నేర్పిందో లేదో. అరటికాయగాని, కందబచ్చలిగాని, పనసపొట్టుగాని ఉడికించి, పోపు వేసి, స్టవ్వు ఆపేశాక కొంచెం చల్లారనిచ్చి, అప్పుడు ఆవముద్ద కలపాలి. రెండు చెంచాల ఆవాలు కాసేపు నానబెట్టి, ఒక ఎండుమిర్చి, చిన్న అల్లం ముక్కతో నూరితే ఆవముద్ద తయారు. పొయ్యి మీద ఉండగా కలిపితే ఘాటు ఎగిరిపోయి చేదు మిగులుతుంది, అక్కడే చాలామంది పాడుచేస్తారు. సరిగ్గా కుదిరితే ఆ ఘాటు ముక్కుదాకా వెళ్తుంది. నూనె ఒక్క చెంచాయే, కానీ కూర పెళ్లిభోజనంలా ఉంటుంది. మీ ఇంట్లో ముందుగా ఇదే వండు.

పొడుల గురించి. ఉద్యోగాలు చేసే ఇంట్లో పొడి ఉంటే సగం వంట ఉన్నట్టే. ఆదివారం గంట కూర్చుంటే కరివేపాకు పొడి, నువ్వుల పొడి, కంది పొడి మూడూ అవుతాయి. ఉడికిన చిక్కుడు మీద నువ్వుల పొడి రెండు చెంచాలు చల్లితే కొత్త కూర. మునగాకు పొడి కూడా చేసుకో. నీడలో ఆరబెట్టమని అందరూ చెబుతారుగాని, సముద్రపు గాలికి మన ఊళ్లో ఆకు ఓ పట్టాన ఎండదు, బూజు పడుతుంది. ఒక పూట గుడ్డ మీద పరిచి, తర్వాత మూకుడులో సన్నని సెగ మీద గలగలమనేదాకా వేయించు. ఏ పొడి అయినా వారానికి సరిపడా చేసి, బాగా చల్లారాక గాజు సీసాలో పోసి, తడి చెంచా తగలనివ్వకు. ఈ ఉక్కకు నెలకు సరిపడా చేసిన పొడి రెండో వారానికే మెత్తబడి కమురు వాసన వేస్తుంది. కష్టపడి చేసింది పారబోయాల్సి వస్తే మనసు విరిగిపోతుంది.

ఇక అన్నం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే లెక్క ప్రకారం పెద్దవాళ్లు రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినాలి. అంటే మీ ముగ్గురికీ రోజుకు దాదాపు కిలో కూరగాయలు. ఇప్పుడు మీ ఇంట్లో కిలో బెండకాయలు ఎన్ని రోజులు వస్తున్నాయో చూసుకో. మన కంచంలో అన్నం కొండలా ఉండి, కూర దాని పక్కన బొట్టులా ఉంటుంది. దీన్ని మార్చడానికి నేను చేసిన పని చిన్నది. ముందు కూర, పప్పు వడ్డించి, మిగిలిన చోట అన్నం పెట్టడం. మొదట వడ్డించినదానికే ఎక్కువ చోటు దక్కుతుంది. పప్పులో కూడా అంతే, కప్పు కందిపప్పుకు తోటకూర రెండు కట్టలకు తగ్గకూడదు. అన్నమూ పప్పూ కలిపి తినడం మన పెద్దలు ఊరికే అలవాటు చేయలేదు. మాంసకృత్తుల్లో లైసిన్, మిథియోనిన్ అనే భాగాలు ఉంటాయి; బియ్యంలో తక్కువైన లైసిన్ పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువైన మిథియోనిన్ బియ్యంలో ఉంటుంది, రెండూ కలిస్తే మాంసకృత్తుల లోటు పూడుతుంది.

కొర్రలు, సామలు కొన్నావు కదా, అవి పారేయకు. కానీ ఒక్కసారిగా అన్నం మాన్పించి అవే పెడితే ఎవరికైనా విసుగే. బియ్యంలో పిడికెడు సామలు కలిపి వండు. రెండు వారాల తర్వాత రెండు పిడికిళ్లు. వాటిని గంటసేపైనా నానబెట్టకపోతే గొంతులో గరగరలాడతాయి. చోళ్ల విషయంలో, అంటే రాగుల విషయంలో మాత్రం నాకు పక్షపాతం ఉంది. రాత్రి చోడిపిండి నీళ్లలో కలిపి పులియబెట్టి, తెల్లవారాక కాసిని నూకలతో ఉడికించి, చల్లారాక మజ్జిగ పోసి, పచ్చి ఉల్లిపాయ నంజుకుంటూ తాగి మా అమ్మ పొలానికి వెళ్లేది. వంద గ్రాముల చోళ్లలో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, తుంటి ఎముక విరిగిన ఇంట్లో ఆ అంకె నేను మరిచిపోలేను. అయితే చోళ్లు తింటే షుగరు పెరగదన్న మాట నమ్మవద్దు. అదీ పిండిపదార్థమే, పలచటి జావ అయితే త్వరగానే అరుగుతుంది. అల్లుడుగారికి ఉల్లిపాయ, మునగాకు కలిపిన చోడిరొట్టె, పక్కన పెరుగు పెట్టు. బెల్లం విషయమూ అంతే. అనకాపల్లి బెల్లం మన పక్క ఊరిదే, నాకూ ప్రాణమే, కానీ రక్తంలోకి వెళ్లాక అదీ చక్కెరే.

మీకు ఎంవీపీ కాలనీ రైతుబజారు నడిచి వెళ్లేంత దూరం. 1999లో ఈ బజార్లు మొదలైనప్పటినుంచి నేను కంచరపాలెం బజారుకు వెళ్తున్నాను. పొద్దున్నే వెళితే ఆకుకూర మీద ఇంకా తడి ఉంటుంది. ముందు ధరల బోర్డు చూడు. ఆ రోజు ఏది చౌకగా ఉందో అదే సాధారణంగా ఆ కాలపు పంట, రుచీ దానికే. కాగితం మీద జాబితా రాసుకుని వెళ్లకు, అక్కడ కనిపించినదాన్నిబట్టి వంట నిర్ణయించుకో. వారంలో ఒక్కటైనా పాప ఏరుకున్న కూరగాయ ఉండాలి.

చేపలు మీరు తింటారు కాబట్టి ఒక మాట. వంజరమే కావాలని పట్టుబట్టకండి. కానాగంతలు, నెత్తళ్లు చౌక, గుండెకు మేలు చేసే కొవ్వు వాటిలో బాగా ఉంటుంది. వేపుడు తగ్గించి పులుసు పెట్టు. పులుసు మరిగాక ముక్కలు వేసి, గరిటె పెట్టకుండా గిన్నెనే పట్టుకుని తిప్పు. మరునాటికి ఇంకా బాగుంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం, అప్పుడు ధరలు మండిపోతాయి. ఆ రెండు నెలలు గుడ్డు, ఉలవలు, బొబ్బర్లు.

పాప గురించి నువ్వు దిగులు పడుతున్నావు. "కూర తింటే చాక్లెట్ ఇస్తాను" అని మాత్రం ఎప్పుడూ అనకు. కూర శిక్ష అని, చాక్లెట్ బహుమానం అని మనమే నేర్పినట్టవుతుంది. కొత్త కూర పది సార్లైనా కంచంలో కనబడితే గాని పిల్లలకు అలవాటు కాదు. ఒక చెంచా పెట్టు, తినకపోతే ఏమీ అనకు, రెండు రోజులాగి మళ్లీ పెట్టు. చిక్కుళ్లు ఈనెలు తీయడం, మునగాకు దూయడం దానికి అప్పగించు. తన చేతుల మీదుగా వెళ్లిన ఆకును తిని చూడాలని తనకే అనిపిస్తుంది. ముఖ్యంగా, దానికి వేరే వంట, అల్లుడుగారికి వేరే వంట వద్దు. ముగ్గురికీ ఒకే గిన్నె.

శనివారం సాయంత్రం బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ తినడం మానకండి. ఉల్లిపాయ, టమాటా, నిమ్మ ఎక్కువ వేయమని అడగండి. ఇంట్లో నోటికి రుచిగా ఉంటే బయటిది వారానికి ఒకసారితో సరిపోతుంది, నాకు అలాగే సరిపోయింది.

ఒక్క హెచ్చరిక. డాక్టరు అల్లుడుగారికి మాత్రలు మొదలుపెడితే, అన్నం తగ్గిస్తున్న సంగతి ఆ డాక్టరుకు తప్పకుండా చెప్పండి. మాత్ర అంతే వేసుకుని తిండి బాగా తగ్గిస్తే చక్కెర ఉన్నట్టుండి పడిపోవచ్చు. నాకు ఒకసారి బస్సులో చెమటలు పట్టి కళ్లు తిరిగాయి. మాత్రలు మొదలైతే జేబులో నాలుగు పంచదార బిళ్లలు ఉంచుకోమను.

ఈ ఆదివారం ఉదయం ఆరున్నరకు మీ రైతుబజారు గేటు దగ్గర ఉంటాను. రెండు సంచులు తెచ్చుకో, పాపను కూడా తీసుకురా. అరటికాయలు కొని మీ ఇంటికే వద్దాం. ఆవాలు బయలుదేరేముందు నానబెట్టి ఉంచు. మీ పెద్దమ్మ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది, తనూ వస్తానంటోంది. నువ్వు పోపు వేస్తుంటే ముందుగదిలో కూర్చుని వింటుందట.

మీ
పెదనాన్న