చెయ్యి మండుతోందని పేషెంట్ అంటే

చిన్నీ,

నువ్వు పీజీలో ఎనస్తీషియా తీసుకున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. నువ్వు సర్జరీ తీసుకుంటావనుకున్నాడట, వాడి గొంతులో కాస్త వెలితి వినిపించింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒకపక్క సంతోషం, ఒకపక్క దిగులు. ఇంట్లో నా తర్వాత ఈ పనిలోకి వస్తున్నది నువ్వే. ఫోన్‌లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. కూర్చుని చదువు.

మెషిన్ చెక్ చేసుకోవడం, సక్షన్ చూసుకోవడం, సిరంజిలకు లేబుల్ వేయడం, పేషెంట్ ఎప్పుడు తిన్నాడో అడగడం, ఇవన్నీ మీ సీనియర్లు మొదటి వారంలోనే తిట్టి మరీ నేర్పిస్తారు. వాటి గురించి నేను చెప్పను. మత్తు ఎక్కించేటప్పుడు పేషెంట్‌కి పుట్టే నొప్పి గురించి చెబుతాను. నొప్పి తీయడానికని ఉన్నవాళ్లం, మన మందుతోనే నొప్పి పెడుతున్నాం. అర నిమిషంలో నిద్రపోతాడు, లేచాక గుర్తుండదు అని దాన్ని వదిలేస్తారు. నువ్వు ఆ మాట అన్నావని తెలిస్తే నాకు కోపం వస్తుంది. ఆపరేషన్ ఎలా ఉందమ్మా అని అడిగితే కుట్ల సంగతి వదిలేసి, "ఆ తెల్లమందు ఎక్కిస్తుంటే చెయ్యి కాలిపోయింది డాక్టరుగారూ" అని చెప్పినవాళ్లు ఎంతోమంది.

ఆ తెల్లమందు ప్రొపోఫాల్. ముందుజాగ్రత్త ఏదీ లేకుండా ఇస్తే 100 మందిలో దాదాపు 60 మందికి నొప్పి పుడుతుంది. అది ఫినాల్ జాతి మందు, వెయిన్ (సిర) లోపలి పొరను మండిస్తుంది. కొందరికి వెంటనే, ఇంకొందరికి 10, 20 సెకన్ల తర్వాత. అప్పటికి నువ్వు సగం సిరంజి ఖాళీ చేసేసి ఉంటావు. చేతి వెనక సన్నటి వెయిన్‌లో ఇస్తే బాధ మరీ ఎక్కువ. మోచేతి మడతలో పెద్ద వెయిన్‌లో ఇస్తే రక్తంలో కలిసి త్వరగా పలచబడుతుంది కాబట్టి చాలామందికి తెలియను కూడా తెలియదు.

చేతి వెనక తప్ప దొరకలేదనుకో, అప్పుడు చోటును మొద్దుబార్చే లిగ్నోకైన్. ముంజేతికి రబ్బరు పట్టీ కట్టి, కిలోకి అర మిల్లీగ్రాము లెక్కన ఎక్కించి, అర నిమిషం నుంచి రెండు నిమిషాల దాకా అలాగే ఉంచు. తర్వాత పట్టీ విప్పి ప్రొపోఫాల్ ఇవ్వు. 60 కిలోల మనిషికి 30 మిల్లీగ్రాములు, అంటే 2 శాతం మందులో ఒకటిన్నర మిల్లీలీటరు. అడ్రినలిన్ కలపని వయల్ అవునో కాదో రెండుసార్లు చదువుకో. ఆపరేషన్ల లిస్ట్ లేటవుతోందని ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనీ. ఆ నిమిషం నీది కాదు, పేషెంట్‌ది.

ఇక నా అసలు భయం. మోచేతి మడత మంచిదన్నాను కదా, ఆ వెయిన్ దగ్గరే ఆర్టరీ (ధమని), అంటే వేళ్లకు రక్తం తీసుకెళ్లే నాళం కూడా ఉంటుంది. కొందరికి మరీ చర్మం కిందే ఉంటుంది.

నేను పీజీ చేసే రోజుల్లో మత్తుకి థియోపెంటోన్ వాడేవాళ్లం. ఒక ఉదయం హెర్నియా ఆపరేషన్‌కి ఓ కుర్రాడు వచ్చాడు. మందు ఇస్తున్న సీనియర్ మంచి పనిమంతుడు, పేషెంట్లతో ప్రేమగా మాట్లాడేవాడు. నేను రెండోవైపు నిలబడి బీపీ చూస్తున్నాను. మోచేతి దగ్గర సూది దిగింది, రక్తం వచ్చింది, కొంచెం మందు వెళ్లింది. కుర్రాడు ఒక్కసారిగా తల పైకెత్తి, "సార్, వేళ్లలోకి నిప్పు పోతున్నట్టుంది" అన్నాడు. సీనియర్ అతని నుదుటి మీద చెయ్యి వేసి, "ఏం కాదు నాన్నా, నిద్రొస్తుంది" అంటూ మిగతాది ఎక్కించేశాడు. కుర్రాడు నిద్రపోయాడు. ఆ తర్వాత నేను చెయ్యి చూశాను. బొటనవేలు, చూపుడువేలు పాలిపోయి, గోళ్లు మైనంలా తెల్లగా ఉన్నాయి.

2.5 శాతం థియోపెంటోన్ పీహెచ్ దాదాపు 10.5, అంటే బాగా క్షారం. ఆర్టరీలోకి పోతే రక్తంలో కలవక స్ఫటికాలుగా విడిపోయి, వేళ్లలోని సన్నటి నాళాలకు అడ్డం పడుతుంది. నాళం బిగుసుకుంటుంది, రక్తం గడ్డకడుతుంది. ఆ కంగారులో ఎవరో సూది లాగేశారు. అది ఇంకో తప్పు. సూది అక్కడే ఉంచాలి తల్లీ, సెలైన్, నాళాన్ని సడలించే మందులు ఆ దారినే లోపలికి పంపాలి. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చారు, చేతి నాళాలు సడలేలా మెడ దగ్గర నరాల ముడికి మత్తిచ్చి స్టెల్లేట్ గాంగ్లియన్ బ్లాక్ చేశారు. రోజూ డ్రెస్సింగ్ విప్పేటప్పుడు నేను వెళ్లేదాన్ని. చివరికి రెండు వేళ్ల కొనలు పోయాయి. ఆ కుర్రాడు చెప్పాడు కదా అన్నదే నన్ను ఇప్పటికీ వదలదు. స్పష్టంగా చెప్పాడు.

థియోపెంటోన్ వెయిన్‌లోకి సరిగ్గా వెళ్తే మామూలుగా నొప్పి ఉండదు. కాబట్టి నొప్పి అన్నారంటే ఆగాలని పుస్తకాల్లోనే రాసి ఉండేది. 1986లో ప్రొపోఫాల్ వాడుకలోకి వచ్చాక నొప్పి మామూలైపోయింది, పేషెంట్ మాట వినడం తగ్గిపోయింది. ప్రొపోఫాల్ ఆర్టరీలోకి పోయినా థియోపెంటోన్ అంత హాని సాధారణంగా చేయదు, నిజమే. కానీ అదే క్యాన్యులాలోంచి, అంటే చేతికి పెట్టిన సన్నటి గొట్టంలోంచి, తర్వాత ఇంకేవేవో మందులు వెళ్తాయి. అందుకే లిగ్నోకైన్ గురించి అంతలా చెప్పాను. మామూలు మంటను నువ్వు ముందే తగ్గించేస్తే, అప్పుడు కూడా పేషెంట్ అరిచాడంటే అది మామూలు మంట కాకపోవచ్చు. ఆపేసి చెయ్యి చూడు. మంట భుజం వైపు పాకుతోందా, వేళ్ల వైపు దిగుతోందా అడుగు. చోటు ఉబ్బిందా, వేళ్లు తెల్లబడ్డాయా, సెలైన్ ధారగా దిగుతోందా, రక్తం పైపులోకి ఎగదన్నుతోందా చూడు. పట్టీ కట్టకముందే మోచేతి దగ్గర నాడి ఎక్కడ కొట్టుకుంటోందో వేలితో తడుముకో. చెయ్యి దుప్పటి కింద దాచి మందు ఎక్కించకు.

కండరాలను సడలించే రోక్యురోనియం కూడా మండుతుంది. నిద్రపోయిన మనిషి కూడా చెయ్యి వెనక్కి లాక్కుంటాడు, క్యాన్యులా ఊడిపోకుండా చూసుకో.

చోటుకు మాత్రమే మత్తిచ్చేటప్పుడు కూడా తొందర వద్దు. అడ్రినలిన్ కలిపిన లిగ్నోకైన్‌లో ఆమ్లం ఎక్కువ, అందుకే అంత మంట. 10 మిల్లీలీటర్లకు 8.4 శాతం సోడియం బైకార్బొనేట్ ఒక మిల్లీలీటరు కలిపితే మంట బాగా తగ్గుతుంది. కలిపిన వెంటనే వాడేయాలి. మందు ఒంటి వేడికి తెచ్చుకో, 27 లేదా 30 నంబరు సూది తీసుకో, ఒక చుక్క వేసి ఆగు, మొద్దుబారిన చోటునుంచే ముందుకు జరుగు. స్పైనల్‌కి, అంటే వెన్నులో ఇచ్చే మత్తుకి ముందు నడుము చర్మంలో మందు వేసి, మరుక్షణమే పెద్ద సూది గుచ్చేవాళ్లను చూస్తావు. మరి ఆ మందు ఎందుకు వేసినట్టు? పిల్లలకైతే క్యాన్యులా పెట్టే చోట మొద్దుబార్చే క్రీమ్ కనీసం గంట ముందు రాయించు. రాయడం మర్చిపోయి, ఏడుస్తున్న బిడ్డను నలుగురు పట్టుకోవడం మన వృత్తికి శోభ కాదు.

"చీమ కుట్టినట్టు ఉంటుంది" అని కూడా అనకు. ప్రసవానికి వచ్చిన స్త్రీలతో 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో, తేనెటీగ కుట్టినట్టు ఉంటుందని హెచ్చరించినవాళ్లకే నొప్పి ఎక్కువ అనిపించింది. "ఇక్కడ మొద్దుబారే మందు వేస్తున్నాను, తర్వాత మీకు హాయిగా ఉంటుంది" అంటే చాలు. అలాగని "నొప్పే ఉండదు" అని మాట ఇవ్వొద్దు. "చెయ్యి ఎలా ఉందో చెబుతూ ఉండండి" అని అడుగు, చెప్పినప్పుడు చేస్తున్న పని ఆపి విను.

మొదట్లో నీ చేతులు వణుకుతాయి. వణకనీ, టెన్షన్ పడకు, సీనియర్‌ని పిలవడానికి మొహమాటపడకు. నైట్ డ్యూటీలో వేళకు తిను. మర్నాడు వార్డుకి వెళ్లినప్పుడు కుట్లతో పాటు క్యాన్యులా పెట్టిన చెయ్యి కూడా చూసి, మందు ఎక్కేటప్పుడు ఎలా అనిపించిందో అడుగు. వాళ్లు చెప్పింది కేస్ షీట్‌లో రాసిపెట్టు, వాళ్లకి మళ్లీ ఎప్పుడైనా మత్తు ఇవ్వాల్సి వస్తే ఆ డాక్టరుకి పనికొస్తుంది.

ప్రేమతో,
అత్త