బేతంచెర్ల బండలో ఉన్నది చేప పళ్ల వరుసేనా?

కొత్త ఇంట్లో పరిచిన బేతంచెర్ల బండ మీద రంపం పళ్లలాంటి నల్లటి గీత, వేంపల్లె దగ్గర చేలో దొరికిన రాయి మీద ఒకదాని మీద ఒకటి కప్పినట్టు పొలుసుల్లాంటి వంపులు. ఇవి పాలియోజోయిక్ కాలపు (దాదాపు 54 నుంచి 25 కోట్ల ఏళ్ల కిందటి) చేపల పళ్లు, పొలుసులేనా, వెనిగర్ పోసి బయటికి తీయొచ్చా అని అడిగారు. కావండీ. ముందుగా, పరిచిన బండ మీద మాత్రం వెనిగర్ పోయకండి, పాలిష్ పోయి మచ్చ పడుతుంది, కడిగితే పోదు.

ఫోటో చూడకుండానే ఇంత గట్టిగా చెప్పడానికి కారణం రాయి వయసు. బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు తీసే నాపరాయి నార్జి అని పిలిచే సున్నపురాయి, అది కేంబ్రియన్ కంటే ముందటిది, అంటే 54 కోట్ల ఏళ్ల కంటే పాతది. వేంపల్లె రాయి ఇంకా పాతది, 190 కోట్ల ఏళ్లు దాటినది. ఒంటి మీద గట్టి పొలుసులున్న చేపలు వచ్చింది ఆర్డోవిషియన్‌లో, అంటే 50 కోట్ల ఏళ్లకు ఇటువైపే. మన రాళ్లు సముద్రం అడుగున పేరుకునే రోజులకి ప్రపంచంలో ఎక్కడా చేపే లేదు.

ఇదే పొరపాటు నేనూ చేశాను కాబట్టి మీ ఆశ నాకు బాగా అర్థమవుతుంది. డిగ్రీలో ఉండగా ఎర్రగుంట్ల దగ్గర పారేసిన ముక్కల్లో అచ్చం దవడలా ఉన్న గీత కనిపించింది. అంగట్లో బాత్‌రూమ్ కడిగే యాసిడ్ తెచ్చి పాత ప్లాస్టిక్ బకెట్‌లో ఆ ముక్క వేశాను, అది బుసబుసా పొంగింది, నాలుగు రోజులకి రాయి మాయమై అడుగున చెంచాడు నల్లటి బురద మిగిలింది. అది కాగితంలో ఆరబెట్టి మా సార్ దగ్గరికి తీసుకెళితే, ఆయన మొదట అడిగింది బురద గురించి కాదు. "ఏ యాసిడ్ పోసినావురా? అందులో నిజంగా పళ్లుంటే అవి కూడా కరిగిపోయేవి కదా!" అన్నారు.

పళ్లు, పొలుసులు కాల్షియం ఫాస్ఫేట్. సున్నపురాయి కాల్షియం కార్బొనేట్. హైడ్రోక్లోరిక్ యాసిడ్ రెండింటినీ తినేస్తుంది. పలచటి ఎసిటిక్ యాసిడ్, అంటే వెనిగర్‌లో ఉండేదే, కార్బొనేట్‌ని మెల్లగా కరిగించి ఫాస్ఫేట్‌ని చాలావరకు వదిలేస్తుంది, అందుకే ప్రయోగశాలల్లో దాన్ని వాడతారు. రోజుల తరబడి నానబెట్టి, సన్న జల్లెడలో కడిగి, ఆరబెట్టి, మైక్రోస్కోప్ కింద ఒక్కో గింజా సన్న కుంచెతో ఏరుకోవాలి. చాలా ఓపిక కావాలి.

ఆ రోజే సార్ బీరువాలోంచి ఒక చిన్న స్లైడ్ తీసి చూపించారు. ఇంగ్లండ్‌లోని లడ్లో బోన్ బెడ్ అనే రాతి పొరది, సిలూరియన్ చివరిది, దాదాపు 42 కోట్ల ఏళ్లు. అక్కడి పొర మందం కొన్ని సెంటీమీటర్లే, కానీ దాని నిండా చేపల పొలుసులు, ముళ్ల ముక్కలే. కంటికి మిరియాల పొడి చల్లినట్టు ఉంది. మైక్రోస్కోప్‌లో చూస్తే నాకు మాట రాలేదు. ఒక్కోటీ ఆవగింజంత కూడా లేదు, బెల్లం పాకం రంగు, పైన గాజులాంటి మెరుపు, కింద సన్నటి మెడ, తిప్పి చూస్తే అడుగున ఒక చిన్న గుంట. బతికున్నప్పుడు మెత్తటి కణజాలం ఉన్న చోటు అది, మన పంటిలో ఉన్నట్టే. అవి థీలోడాంట్ అనే దవడ లేని చేప పొలుసులు. ఒక్క చేప ఒంటి మీద అలాంటివి వేలల్లో ఉండేవి, అది చచ్చి కుళ్లాక విడివిడిగా రాలిపోయేవి, బురదని నీళ్లు కొట్టుకుపోతే బరువైన ఇవి ఒకచోట మిగిలేవి. దవడలా వరుసగా పేర్చినట్టు కనపడాలని నేను వెతికిందే తప్పు.

మరి మీ బండ మీద గీత? దాన్ని స్టైలోలైట్ అంటారు. పై పొరల బరువుకి సున్నపురాయి ఒక గీత వెంబడి కరిగి, రెండు వైపులూ ఒకదాంట్లోకి ఒకటి దిగబడతాయి, కరగని బంకమట్టి మధ్యలో నల్లగా మిగులుతుంది. నా బకెట్‌లో మిగిలిందీ ఆ మట్టే. ఇలాంటి బండల మీద ఆకుల్లా, నాచులా కనిపించేవి కూడా శిలాజాలు కావు, మాంగనీసు మరకలు. పాలిష్ మిషన్ దగ్గర పనిచేసే ఒకాయన నాకు ఇంత చదువూ లేకుండానే చెప్పాడు, "అది ఆకు కాదన్నా, సందులో నీళ్లు దిగిన మరక" అని.

బేతంచెర్ల పక్కన బిల్లసర్గం గుహల్లో ఎముకలు దొరికాయి కదా అని ఎవరైనా అంటారు. దొరికాయి, 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త తవ్వించారు, కానీ అవి గుహలో పేరుకున్న మట్టిలో ఉన్న జంతువుల ఎముకలు, రాయిలోవి కావు. మనకి దగ్గర్లో రాతిలో చేప పొలుసులు కావాలంటే గోదావరి లోయకి పోవాలి, సిరోంచ దగ్గర కోట అనే ఊరి పేరుతో పిలిచే సున్నపురాయిలో లెపిడోటిస్ అనే చేపలు దొరికాయి. అవీ జురాసిక్‌వి, అంటే డైనోసార్ల కాలంవి, పాలియోజోయిక్ కాదు.

మీ వేంపల్లె రాయి మాత్రం పారేయకండి. పక్క అంచు తడిపి, ఎండలో ఏటవాలుగా పట్టి చూడండి. వంపులన్నీ ఒకే వైపుకి ఉబ్బి, ఒక్కో వంపు లోపల కాగితాల్లా సన్న పొరలు కనిపిస్తే అది స్ట్రోమటోలైట్, సూక్ష్మజీవుల జిగురు పొరలు ఒకదాని మీద ఒకటి కట్టుకున్న గూడు. ఆ అంచు ఫోటో ఒకటి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీసి, ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.