గ్యాస్ కట్టేశావా అని పదిహేనుసార్లు అడుగుతున్నారు

ప్రశ్న: మావారికి 36 ఏళ్లు, బ్యాంకు ఉద్యోగం. రాత్రి పడుకోబోయే ముందు గ్యాస్ రెగ్యులేటర్, తలుపు గడియ గంటకు పైగా చూస్తూనే ఉంటారు. ‘కట్టేశావా?’ అని నన్ను పదిహేనుసార్లు అడిగి, అడిగినందుకు సిగ్గుపడతారు. ఐదు నెలలుగా తిండి, నిద్ర తగ్గాయి, ఎవరితోనూ మాట్లాడరు. ఓసీడీ (వద్దన్నా అనుమానాలు వస్తూ, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు), డిప్రెషన్ రెండూ ఉన్నాయని సైకియాట్రిస్ట్ చెప్పారు. మందులు వాడి నెలైనా తేడా లేదు. ‘వాడిది చిన్నప్పటి నుంచీ చాదస్తమే, స్వభావానికి మందేంటి?’ అంటున్నారు అత్తయ్య. నిజమేనా?
– ఒక సోదరి

జవాబు: మీ అత్తయ్యగారి మాటలో కొంత నిజం ఉందమ్మా. ఓసీడీ వచ్చినవాళ్లలో చాలామంది ముందు నుంచీ బాధ్యతంతా తమ నెత్తిన వేసుకునేవాళ్లే. ఏదైనా పూర్తిగా ఖాయమైతే తప్ప కుదురుగా ఉండలేరు. అయితే ఇలాంటి స్వభావం ఉన్నవాళ్లందరికీ ఓసీడీ రాదు.

చాదస్తం ఉన్న మనిషికి తన పద్ధతే సరైనదనిపిస్తుంది, ఎదుటివాళ్లే అజాగ్రత్తగా కనిపిస్తారు. మీవారు అలా కాదు. నాబ్ ఆఫ్‌లో ఉందని కళ్లకు కనిపిస్తున్నా మనసు ఒప్పుకోదు, అది అతిగా ఉందని ఆయనకే తెలుసు, అందుకే సిగ్గుపడుతున్నారు. రోజుకు గంటకు పైగా పోతోందంటే అది చాదస్తం కాదు, జబ్బు. పైగా ఎన్నిసార్లు చూస్తే జ్ఞాపకం అంత మసకబారుతుంది. పదోసారి చూసినది తొమ్మిదోసారి చూసినదానితో కలిసిపోయి, ‘ఇప్పుడు చూశానా, ఇందాక చూశానా?’ అనే కొత్త అనుమానం పుడుతుంది.

ఈ రెండు జబ్బులూ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఓసీడీయే ముందు వస్తుంది. దానితో పోరాడి అలసిపోయాక డిప్రెషన్ తోడవుతుంది. ఆ సమయంలో మనిషి అసలు ఉన్నదానికన్నా పిరికిగా, ముభావంగా కనిపిస్తారు. కాబట్టి ఈ ఐదు నెలలను చూసి ఆయన స్వభావం ఇంతేనని ఇంట్లో ఎవరూ తీర్పు చెప్పకండి. డిప్రెషన్ తగ్గాక వీటిలో చాలా లక్షణాలు వాటంతటవే పోతాయి.

మందుల విషయంలో తొందరపడొద్దు. డిప్రెషన్‌కు వాడే మందులే ఓసీడీకి ఇంకా ఎక్కువ మోతాదులో కావాల్సి రావచ్చు, ఫలితం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. నెలకే ‘పనిచేయలేదు’ అని మానేయడమే ఎక్కువమంది చేసే పొరపాటు. తగ్గాక కూడా కనీసం ఏడాది, రెండేళ్లు వాడాలి. ఆపినా డాక్టర్ చెప్పినట్లు కొద్దికొద్దిగానే ఆపాలి. నిద్రమాత్రలు మెడికల్ షాపులో సొంతంగా కొనకండి.

మందులతోపాటు ఈఆర్‌పీ (భయాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొంటూ, మళ్లీ మళ్లీ చూడాలనే తపనను ఆపుకోవడం నేర్పే పద్ధతి) అనే చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టును కలవండి. భయపెట్టే పనులన్నీ రాయించి, ఒక్కోదానికి ఆందోళన ఎంతో సున్నా నుంచి 100 వరకు మార్కులు వేయిస్తారు. 30, 40 దగ్గర ఉన్నవాటితో మొదలుపెడతారు. ఉదాహరణకు రెగ్యులేటర్ ఒక్కసారే చూసి హాల్లోకి వచ్చి కూర్చోవాలి, వెనక్కి వెళ్లకూడదు. ఆందోళన మొదట పెరుగుతుంది, అలాగే ఉండగలిగితే చాలావరకు అరగంట, గంటలో దిగుతుంది. రోజూ చేయాలి. డిప్రెషన్ వల్ల ఓపిక లేకపోతే ముందు స్నానం, సాయంత్రం పావుగంట నడక ఒకే వేళకు జరిగేలా చూడండి.

ఇక మీ వంతు. మీరు ‘కట్టేశాను’ అని చెప్పిన ప్రతిసారీ ఆయనకు కాసేపు ఊరట దొరుకుతుంది, అనుమానానికి మాత్రం బలం వస్తుంది. అలాగని ఒక్కసారిగా జవాబు మానేస్తే గొడవవుతుంది. ఆయన ప్రశాంతంగా ఉన్నప్పుడు ఇద్దరూ కూర్చుని, సైకాలజిస్టు సలహాతో ఒప్పందం చేసుకోండి: ఈ వారం పదిసార్లు, వచ్చే వారం ఐదు, ఆ తర్వాత ఒక్కటి. అంతకు మించి అడిగితే, ‘మనం అనుకున్నాం కదండీ, దీనికి జవాబు చెప్పను. కష్టంగా ఉందని తెలుసు, మీ పక్కనే కూర్చుంటాను’ అనండి. విసుక్కోవద్దు, వెక్కిరించొద్దు. ఈ మాట అత్తయ్యగారికీ చెప్పండి. మీరు మానేసిన జవాబు ఆవిడ ఇస్తే ఫలితం ఉండదు.

మరో ముఖ్యమైన విషయం. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అని ఆయన్ని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో మాత్రలు, పురుగుమందులు ఆయనకు అందకుండా తీసేసి అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.