లతీను పూజ కోరవచ్చునా?

ప్రశ్న: మా విచారణ (పారిష్) యువకులు పాత లతీను పూజను (మాస్), గురువు (ఫాదర్) బలిపీఠం వైపు తిరిగి అర్పించే పద్ధతిని పునరుద్ధరించమంటున్నారు. ఇది కతోలిక సభకు విరుద్ధమా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: కోరడంలో తప్పులేదమ్మా. ప్రపంచ కతోలిక పీఠాధిపతుల సమావేశమైన రెండవ వాటికన్ మహాసభ 1963లో వెలువరించిన అర్చనా పత్రం మాతృభాషలకు చోటిస్తూనే, లతీనును నిలుపుకోవాలనీ, ప్రాచీన లతీను కీర్తనలైన గ్రెగోరియన్ గానానికి ప్రథమ స్థానమివ్వాలనీ చెప్పింది. గురువు ప్రజలకు అభిముఖంగా నిలబడాలని అందులో ఎక్కడా లేదు. అయితే మహాసభకు ముందరి పాత లతీను పూజాక్రమమున్న 1962 నాటి పూజాగ్రంథం సంగతి వేరు. 2007లో పదహారవ బెనెడిక్టు పోపు దాని వాడుకను సులభతరం చేయగా, 2021లో ఫ్రాన్సిస్ పోపు మళ్లీ పరిమితం చేశారు కనుక, దానికి అగ్రపీఠాధిపతుల (ఆర్చిబిషప్) అనుమతి తప్పనిసరి. తెలుగు కీర్తనలతో పెరిగిన నాకు వాటిని వదులుకోవడం ఇష్టం లేదు గానీ, మన పూజల్లో మౌనం కరువైందన్న ఆ యువకుల ఆవేదన న్యాయమైనదే. మోకరించి, నాలుకపై సత్ప్రసాదం స్వీకరించే హక్కు వారికి ఇప్పటికీ ఉంది. ముందుగా ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలపు ఆదివారాల్లో ఒకటి రెండు లతీను గానాలకు విచారణ గురువులను అడగమనండి.